వృత్తిని చెక్కించుకొన్న సమాధులు

రోమునగరమునకు తూర్పున పోర్టా మజ్జోరె యను పెద్ద ద్వారమొకటి కలదు. క్లాడియస్ చక్రవర్తి కాలమున, క్రీ. శ. 52లో, రెండు నీటికాలువలను బాటలపైనుండి దాటించుటకు కట్టిన రాతి కమానులే తరువాతి కాలమున నగరప్రాకారమునకు ద్వారమైనవి. ఐదవ శతాబ్ది ఆరంభమున హొనోరియస్ చక్రవర్తి దినములలో ఈ ద్వారమునకు బురుజులు కట్టిరి. ఆ బురుజులు పదునాలుగు వందల యేండ్లు నిలిచినవి. 1838లో పోపు పదునాఱవ గ్రెగొరీ ఆజ్ఞపై వానిని పడగొట్టునప్పుడు, ఒక బురుజు కడుపులోనుండి మఱియొక కట్టడము బయటపడెను. బురుజు కట్టినవారు దానిని కూల్చు శ్రమ యెందుకని చుట్టును గోడ పెట్టి లోన దాచివేసిరి కాబోలు. అది సమాధి. అయితే రాజుదో సేనానిదో కాదు. రొట్టెలు కాల్చి అమ్ముకొన్న ఒకానొకని సమాధి.

దాని రూపము చూచుటకు వింతగా నుండును. రెండు బాటలు చీలుచోట దొరకిన జాగాకు తగినట్లు కట్టుటచే నాలుగు ప్రక్కలును నాలుగు కొలతలుగా నున్నవి. ఎత్తు 30 అడుగులకు పైమాట. క్రింది భాగమున నిలువుగా గుండ్రని దిమ్మెలు స్తంభములవలె వరుస తీరి యున్నవి. పై భాగమున అవే దిమ్మెలను అడ్డముగా పరుండబెట్టినట్లు, గుండ్రని నోళ్ళు మూడేసి వరుసలుగా బాటవైపునకు తెఱచుకొని యున్నవి. గ్రీకు దేశముననైనను ఇటలీలోనైనను ఇట్టి అలంకారము మఱియొక కట్టడమునకు లేదు. ఇవి యేమిటో అను విషయమై పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు. ధాన్యము కొలుచు కుంచములని కొందఱు. పిండి పిసుకు యంత్రపు తొట్లని కొందఱు. మాకు రెండవ మాటయే రుచించుచున్నది. రొట్టెలవానికి పిండితొట్టికంటె ఘనమైన స్తంభమేమి కావలెను?

సమాధిపై మూడు వైపులను ఒకే వాక్యము కొలది మార్పులతో చెక్కబడి యున్నది. ఇది మార్కస్ వెర్జీలియస్ యూరిసేసీస్ స్మారకము, అతడు రొట్టెలవాడు, గుత్తదారు, అని దాని భావము. చివరను 'అప్పారెత్' అను మాట యున్నది. అతడు ప్రభుత్వాధికారి కొలువున నున్నవాడని చెప్పుటకు సంక్షేపముగా వ్రాసిన మాట యది యని కొందఱందురు. మఱికొందఱు దానిని సామాన్యార్థముననే గ్రహించి, 'కనబడుచునే యున్నది గదా!' అని చెప్పుదురు. ఈ రెండవ యర్థమే నిజమైనచో ఆ రొట్టెలవాడు మంచి హాస్యప్రియుడని ఒప్పుకొనవలసినదే.

కట్టడము పైయంచున పట్టీవలె ఒక శిల్పము చుట్టును నడచుచున్నది. దీనిని తీరికగా చూడవలెను. ఒక ప్రక్కను ధాన్యము దిగుమతి యగుచున్నది; పద్దులు వ్రాసికొనుచున్నారు. గాడిదలు తిరుగళ్ళను త్రిప్పుచున్నవి. పిండిని జల్లెడ పట్టుచున్నారు. మఱియొక ప్రక్కను పెద్ద తొట్టిలో పిండి కలుపు యంత్రమును పశువు త్రిప్పుచున్నది. పొడవాటి బల్లలకు అటునిటు నిలిచి పనివాండ్రు ముద్దలు చేసి రొట్టెలు ఒత్తుచున్నారు. చివరను గుమ్మటమువంటి పొయ్యిలోనికి ఒకడు పొడవాటి తెడ్డుతో రొట్టెలను త్రోయుచున్నాడు. మూడవ ప్రక్కను కాలిన రొట్టెలను గంపలలో మోసికొనివచ్చి మనుష్యుని యెత్తున్న త్రాసులో తూచుచున్నారు. అధికారులు దగ్గఱ నిలిచి లెక్క చూచుచున్నారు. నాలుగవ ప్రక్క శిథిలమైపోయినది. ప్రాచీన కాలమున ఒక పెద్ద రొట్టెల కార్ఖానా యెట్లు నడచినదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి ఆధారము మనకు లేదు. గ్రంథకర్తలెవరును దీనిని గూర్చి యింత వివరముగా వ్రాయలేదు. వ్రాయదగిన విషయమని వారికి తోచలేదు.

యూరిసేసీస్ భార్య పేరు అటిస్టియా. ఆమెను గూర్చిన చిన్న శాసనము కూడ అచ్చటనే దొరకినది. అటిస్టియా నా భార్య, ఆమె కడు మంచి యిల్లాలు, ఆమె దేహశేషము ఈ రొట్టెలగంపలో నున్నది, అని దాని తాత్పర్యము. గంప యనగా సమాధియంతయునా, లోన నుంచిన అస్థిపాత్రయా, తెలియదు. ఏదియైనను భార్యయస్థులను రొట్టెలగంపలో నుంచితినని బహిరంగముగా రాతిపై వ్రాయించుటకు ఒక గుండె కావలెను. అందు ఎగతాళి లేదు. ఆ గంపతోనే వారిద్దఱును బ్రదికిరి. ఆ గంపలోనే ఆమెను దాచినాడు. దంపతులిరువురును ప్రక్కప్రక్కను నిలిచిన శిల్పమొకటి కూడ సమాధివద్ద దొరకెను. 1934లో అందలి స్త్రీ శిరస్సును దొంగలెత్తుకొనిపోయిరి.

ఈ సమాధి క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్ది నడుమనో కడపటనో కట్టినది. రోమునగరమున రొట్టెలమ్ము వృత్తికి అప్పటికి మిక్కిలి పాతకాలపు చరిత్ర లేదు. పెర్సియస్ రాజుతో జరిగిన యుద్ధకాలమువఱకును, అనగా క్రీ. పూ. 171 ప్రాంతము వఱకును, నగరమున రొట్టెలవారే లేరనియు, ఎవరి యింటి రొట్టెను ఆ యింటి స్త్రీలే చేసికొనెడివారనియు ప్లీనీ వ్రాసినాడు. రొట్టెలవానిని లాటినులో 'పిస్టోర్' అందురు. దంచువాడని ఆ మాటకు మొదటి యర్థము. రోకలి పట్టిన చేతులనుండి ఈ వృత్తి పుట్టినదన్నమాట. నూటయేబది యేండ్లు తిరుగకముందే నగరపు జనాభా పెరిగి, రొట్టె అంగడి సరకై, దానిని గుత్తకు సరఫరా చేసిన యూరిసేసీస్ వంటివారు ధనవంతులైరి.

ధనము వచ్చినది, గౌరవము రాలేదు. ఈ విషయమున సందేహమున్నవారు సిసిరో గ్రంథమును చూడవచ్చును. క్రీ. పూ. 44లో, ఏథెన్సులో చదువుకొనుచున్న కుమారునకు ధర్మములు బోధించుచు సిసిరో వ్రాసిన పుస్తకమున వృత్తుల తారతమ్యమును గూర్చిన భాగమొకటి కలదు. కూలికి పనిచేయువాడు తుచ్ఛుడనియు, అతడు తీసికొను కూలియే దాస్యమునకు బయానా యనియు ఆయన మతము. టోకు వర్తకుని వద్ద కొని చిల్లరగా అమ్ముకొనువాడు అబద్ధమాడక లాభము పొందజాలడట. చేతిపనివారందఱిదియు నీచమైన బ్రదుకట. పనిశాలలో పుట్టుకగల మనుష్యునకు తగినదేదియు నుండదట. అందఱికంటె హీనులు చేపలమ్మువారు, మాంసము కొట్టువారు, వంటవారు మొదలుగా జిహ్వకు సేవచేయువారట. వర్తకము పెద్దదైనచో అంతగా నిందింపబనిలేదనియు, సేద్యము అన్నిటికంటె శ్రేష్ఠమనియు కూడ అందే చెప్పినాడు. సిసిరో గొప్ప వక్త, గొప్ప వచనకర్త. అందు సందేహము లేదు. కాని ఈ భాగమును చదివినప్పుడెల్ల ఆయన ప్రొద్దుట తిన్న రొట్టె ఎవరు కాల్చినదో యని మేమనుకొనకుండ నుండలేము.

వృత్తిపై నున్న ఈ యేవగింపునకు తోడు మఱియొక చిక్కు కలదు. చేతిపనివారిలోను చిల్లర వర్తకులలోను ఎక్కువమంది బానిసలు, లేదా బానిసత్వమునుండి విడుదల పొందినవారు. రోమనుల చట్టమున బానిసకు తండ్రి లేడు. కన్నతండ్రి ఎదుట నిలిచియున్నను చట్టము దృష్టిలో లేడు. స్వతంత్రుడుగా పుట్టిన పౌరుడు శాసనమున తన పేరు వ్రాయించుకొన్నప్పుడు 'ఫలానావాని కుమారుడు' అని చేర్చును. విడుదలయైన బానిస 'ఫలానావాని విముక్తుడు' అని చేర్చుకొనవలెను. పేరు కూడ యజమానిదే. సిసిరో వద్ద లేఖకుడుగా నుండిన టిరో అను బానిస విడుదల పొందగనే మార్కస్ టుల్లియస్ టిరో అయినాడు. మొదటి రెండు పేర్లును యజమానివి. కడపటిది మాత్రమే అతనిది. ఇట్టివాడు సమాధిపై ఏమి చెక్కించుకొనగలడు? పెద్దయింటివారికి వంశావళి యున్నది. చేసిన కొలువుల పట్టిక యున్నది. ఇతనికి తాత లేడు, తండ్రి లేడు, ప్రభుత్వాధికారములకు పోటీచేయు హక్కు లేదు. ఉన్నది చేతిలోని పని. తండ్రి పేరు వ్రాయదగినచోట అతడు తన పని పేరు వ్రాసినాడు. రోమను పనివారి సమాధులన్నిటికిని ఇదియే తాళపుచెవి యని మాకు తోచుచున్నది.

యూరిసేసీస్ కూడ ఒకప్పుడు బానిసయే యని పలువురూహించిరి. అతని కడపటి పేరు గ్రీకు పేరగుటయే ఆధారము. విచిత్రమేమనగా అతడు శాసనమున తండ్రి పేరును వ్రాయలేదు, యజమాని పేరును వ్రాయలేదు. రెంటినిని దాటవేసి నేరుగా వృత్తికి వచ్చినాడు.

ఇట్టివారిని చూచి నవ్వినవారు లేకపోలేదు. పెట్రోనియస్ వ్రాసిన కథలో ట్రిమాల్కియో అను విముక్తుడు గలడు. వర్తకమున కోట్లు గడించిన ఈ పెద్దమనిషి భోజనము నడుమ తన సమాధి యెట్లుండవలెనో శిల్పికి పురమాయించును. తెఱచాపలెత్తిన ఓడలుండవలెనట. నడుమ నీడగడియారము నుంచవలెనట. ప్రొద్దెంతయైనదో చూడవచ్చినవాడు ఇష్టమున్నను లేకున్నను తన పేరు చదువక తప్పదట. కథ చదివినవారికి నవ్వు వచ్చును. అయితే చదువునందు ఆఱితేరిన రాజసభాసదుడు ఒక పూర్వబానిసను చూచి నవ్విన నవ్వది, తూచి పుచ్చుకొనవలెను.

సమాధిని బాటసారులచే చదివింపవలెనను కోరిక ఒక్క ట్రిమాల్కియోది కాదు; రోమనులందఱిదియు. నగరములోపల శవమును పూడ్చరాదు, కాల్చరాదు అని వారి పన్నెండు ఫలకముల ప్రాచీన ధర్మశాస్త్రమే నిషేధించినది. కనుక ఊరు దాటగనే బాటకిరుప్రక్కల సమాధులు మొదలగును. ఊరికి వచ్చు ప్రతి బండివాడును, ప్రతి గాడిదవాడును వానిని చూచుచు పోవలసినదే. 'బాటసారీ, నిలిచి చదువుము' అని రాయి పిలుచుట వారి శాసనములలో పరిపాటి. చదువురానివానికి బొమ్మ యున్నది. బాడిస చూచినవాడు వడ్రంగి యనుకొనును. తిరుగలి చూచినవాడు రొట్టెలవాడనుకొనును.

రవెన్నా పట్టణమున అట్టి బాడిస చెక్కిన రాయి యొకటి కలదు. రవెన్నా ప్రక్కనే రోమను నౌకాదళపు రేవు ఉండెను. పబ్లియస్ లోంగిడియెనస్ అచ్చట ఓడలు కట్టు వడ్రంగి. రాతి అడుగుభాగమున ఓడ యొకటి తయారగుచున్నది. అతడు దాని ప్రక్కను వంగి నిలిచి బాడిసతో కొయ్యను చెక్కుచున్నాడు. ప్రక్కనున్న చిన్న పలకపై, పబ్లియస్ కుమారుడు లోంగిడియెనస్ పనికి త్వరపడుచున్నాడు, అని వ్రాసియున్నది. చనిపోయినవాని రాతిపై 'పనికి త్వరపడుచున్నాడు' అని వ్రాయుట! ఇతడు స్వతంత్రుడుగా పుట్టినవాడు. తండ్రి పేరు చెప్పుకొనగలవాడు, చెప్పుకొన్నాడు కూడ. అయినను చేతిలోని బాడిసను విడువలేదు. ఆ రాతికైన ఖర్చు ఇద్దఱు విముక్తులు తమ పూర్వయజమానికొఱకు పెట్టుకొన్నట్లు అందే చెప్పబడినది. వారిలో ఒకని పేరు ఫిలదెస్పోటస్. గ్రీకుభాషలో 'యజమానిని ప్రేమించువాడు' అని దానికర్థము. ఆ పేరు పెట్టినవాడు తానే యజమాని యగుటచే దీనినిబట్టి ఎక్కువ చెప్పుకొనరాదు. ఖర్చు పెట్టుకొన్నది మాత్రము నిజము.

వాటికను నగరపు శిలాశాసనముల శాలలో నున్న మఱియొక సమాధిరాయి కత్తులవానిది. అతని పేరు లూషియస్ కార్నీలియస్ అటిమేటస్. రాతికి ఒకవైపున కొలిమి యున్నది. దాగలికి అటునిటు ఇద్దఱు చేరి ఇనుమును సాగగొట్టుచున్నారు. రెండవవైపున అంగడి, తెఱచిన బీరువాలో కత్తులు, కొడవళ్ళు వరుసగా వ్రేలాడుచున్నవి, టోగా ధరించిన ఒక పెద్దమనిషియు, పొట్టి అంగీ తొడిగిన మఱియొకడును ఎదురెదురుగా నిలిచి మాటాడుచున్నారు. తయారుచేయుట ఒక ముఖమున, అమ్ముట ఒక ముఖమున. అటిమేటస్ ఈ రాతిని తనకును, ఎపాఫ్రా యను తన విముక్తునకును కలిపి వేయించినాడు. పనిశాలయందలి బంధుత్వము రక్తబంధుత్వమువంటిదని వారు తలచిరేమో. కొలిమియొద్ద కొట్టుచున్న ఇద్దఱును వారిద్దఱే యని అనుకొనుటకు మాకు మనసగుచున్నది. రాయి మాత్రము ఆ సంగతి చెప్పదు.

జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున మాంసము కొట్టువాని పలక కలదు. అది రోమునుండి పోయినది. మూడుకాళ్ళ మొద్దుపై అతడు కత్తితో మాంసమును కొట్టుచున్నాడు. తలపైన కొక్కెములకు తొడలు, ప్రక్కటెముకలు వ్రేలాడుచున్నవి. వెనుక త్రాసున్నది. ఇంతవఱకు వింతలేదు. ఎడమవైపున ఎత్తువీపుగల కుర్చీలో అతని భార్య కూర్చుండి యున్నది. రాణులు దిద్దుకొను తీరున జుట్టు దిద్దుకొన్నది. చేతిలో మైనపు పలకలున్నవి, లెక్కలు వ్రాయుచున్నది. సిసిరో అందఱికంటె హీనులలో చేర్చిన మాంసపువాని యింటిలో అక్షరాలు వచ్చిన ఇల్లాలున్నది. ఆమె పద్దు వ్రాసిననేగాని అంగడి నడువదు.

స్త్రీలను గూర్చి చెప్పుకొనునప్పుడు అట్టికెను మఱువరాదు. ఓస్టియాకును, చక్రవర్తులు కట్టించిన క్రొత్త రేవునకును నడుమ ఈసొలా సాక్రా యను చోట బాటవెంట పెద్ద శ్మశానవాటిక యున్నది. ఇసుక కప్పివేయుటచే అది చాలవఱకు చెడక నిలిచినది. ఇరువదవ శతాబ్దిలో గ్విడో కాల్జా యను పురాతత్త్వవేత్త దానిని త్రవ్వి వెలికితీసెను. ఇచ్చటి సమాధులు చిన్న చిన్న యిండ్లవలె నుండును. గుమ్మముపై పేరు, గుమ్మమునకు ప్రక్కను కాల్చిన మట్టిపలకపై వృత్తిని తెలుపు బొమ్మ. వీనిలో ఒకటి స్క్రిబోనియా అట్టికె యను మంత్రసాని తనకును, అమెరిమ్నస్ అను భర్తకును, తల్లికిని, తనవారికిని కట్టించినది. రెండవ శతాబ్ది నడిమి కాలపుది. భర్త శస్త్రవైద్యుడు. అతని పలకపై రోగి కాలిని చికిత్స చేయుచున్నాడు. ప్రక్కను పనిముట్ల పెట్టె తెఱచి యున్నది, ఆ పెట్టెను మనుష్యులకంటె పెద్దదిగా చేసినారు.

అట్టికె పలక ప్రసవ దృశ్యము. గర్భిణి పిడులున్న కుర్చీలో కూర్చుండి వానిని గట్టిగా పట్టుకొని యున్నది. వెనుకనుండి ఒక స్త్రీ ఆమె చంకలక్రింద చేతులు వేసి ఊతమిచ్చుచున్నది. ఎదుట చిన్నపీటపై అట్టికె కూర్చుండి చేయి చాచినది. అయితే ఆమె ముఖము తల్లివైపున లేదు, ప్రక్కకు త్రిప్పుకొన్నది. శిల్పికి పని రాక అట్లు చేసినాడని తొందరపడరాదు. ఆ కాలముననే రోమున వైద్యము చేసిన సొరేనస్ అను ప్రసిద్ధుడు మంత్రసానుల కొఱకు వ్రాసిన సూత్రములలో, ప్రసూతి స్త్రీ సిగ్గుచే దేహమును బిగబట్టకుండునట్లు మంత్రసాని ఆమెను తేఱిపాఱ చూడరాదని చెప్పినాడు. అట్టికె తనకు పని తెలియునని ఆ ముఖము త్రిప్పుటలోనే చెప్పుకొన్నది. ఇన్ని వేల బిడ్డలకు పురుడు పోసితినని లెక్క వ్రాయలేదు, పుణ్యము చేసితినని వ్రాయలేదు. వృత్తి తెలిసినవారు చూచినచో గుర్తింపవలెను, అంతియే.

ఈ యిల్లాలి శాసనమున ఇంకొక మాట కలదు. సమాధిలో తన విముక్తులకందఱికిని, వారి సంతతికిని చోటున్నదని చెప్పి, పనరాటస్, ప్రొస్డోకియా అను ఇద్దఱికి మాత్రము లేదని పేర్లతో వ్రాయించినది. వారేమి తప్పు చేసిరో చెప్పలేదు. ఆ కోపము పద్దెనిమిదివందల యేండ్లుగా గుమ్మముమీద నిలిచియున్నది.

ఇంతవఱకు చెప్పినవారందఱును ఎంతో కొంత కలిగినవారు. ఈ మాట స్పష్టముగా చెప్పవలెను. లేకున్న పనివారందఱును ఇట్లే పూజింపబడిరను భ్రమ కలుగును. యూరిసేసీస్ సమాధిపై పిండి ఒత్తువారెందఱో యున్నారు. వారిలో ఒక్కని పేరైనను లేదు. టోగా ధరించినవారు నిలిచి చూచుచున్నారు. పొట్టి అంగీలవారు, ఒంటిమీద అంగీయైనను లేనివారు పని చేయుచున్నారు. ఆ బాటలోనే, కొంత దూరమున, 1848లో హాటేరీ కుటుంబమువారి సమాధి బయటపడెను. వారు కట్టడపు పనుల గుత్తదారులని తలచుచున్నారు. అందలి శిల్పమున బరువులెత్తు యంత్రమొకటి ఆకాశమునకు నిక్కి యున్నది. దాని అడుగున పెద్ద చక్రము. చక్రములోపల మనుష్యులెక్కుచు దానిని త్రిప్పుచున్నారు. యంత్రమును అంత శ్రద్ధగా చెక్కించిన గుత్తదారు చక్రములోని మనుష్యుల పేర్లు చెప్పవలెనని తలంపలేదు. వృత్తికి స్మారకము కట్టినవారును తమకంటె క్రిందివారిని సిసిరో చూచిన చూపుతోనే చూచిరనుట కష్టమైనను నిజము.

మఱి ఆ క్రిందివారి గతి యేమి? పెద్ద కుటుంబముల బానిసలకును విముక్తులకును భూగృహములలో సామూహికముగా చోటుండెను. గోడలనిండ చిన్న గూళ్ళు, గూటికొక అస్థికుండ, క్రింద జానెడు పలక. పావురముల గూళ్ళవలె నుండుటచే వీనికి 'కొలంబారియము' అని పేరు వచ్చినది. అగస్టస్ చక్రవర్తి భార్యయగు లివియా యింటి పరివారపు భూగృహము 1726లో ఆపియా బాటయందు దొరకెను. జానెడు పలకలపైనను పని పేరున్నది: తల దువ్వునది, నూనె మర్దనము చేయునది, ముత్యములు పొదుగువాడు, దాసీలకు ఉన్ని తూచి యిచ్చువాడు. మనిషికి రెండు మాటలకు మాత్రమే చోటున్నప్పుడు ఒకటి పేరు, రెండవది పని.

అట్టి యజమానులు లేనివారు చందాలు వేసికొని సంఘములు పెట్టుకొనిరి. రోమునకు ఆగ్నేయమున లానువియమ్ అను ఊరిలో క్రీ. శ. 136లో చెక్కించిన సంఘ నిబంధనలు పూర్తిగా దొరకినవి. ప్రవేశమునకు 100 సెస్టర్సులు, ఒక జాడీ మంచి ద్రాక్షసారాయము. పిమ్మట నెలకు 5 అస్సులు; నాలుగు అస్సులొక సెస్టర్సు. సభ్యుడు చనిపోయినచో అంత్యక్రియలకు సంఘము 300 సెస్టర్సులిచ్చును. అందులో 50 చితివద్దకు వచ్చినవారికి పంచిపెట్టవలెను. ఊరికి 20 మైళ్ళకు దూరమున చనిపోయి, వార్త తెలిసినచో, ముగ్గురు సభ్యులు పోయి క్రియలు జరిపి రావలెను. బానిసయైన సభ్యుడు విడుదల పొందినచో సంఘమునకు ఒక జాడీ మంచి సారాయము సమర్పింపవలెను. ఆనాటి ఆనందము అందఱిది గావలెనని కాబోలు. ఇన్నిటిలో మా మనసును పట్టిన నిబంధన యొకటి. బానిసయైన సభ్యుడు చనిపోయినప్పుడు యజమానిగాని యజమానురాలుగాని క్రూరబుద్ధితో శవమును ఇయ్యకున్నచో, అతనికి ప్రతిమ పెట్టి క్రియలు జరుపవలెను. దేహము దొరకనివానికి దర్భలతో బొమ్మ చేసి దహనము చేయు మన ఆచారమును ఎఱిగిన శ్రోతలకు ఇందలి దుఃఖమును వివరింపనక్కఱలేదు. అచ్చట దేహము దొరకకపోవుట నదివలనను కాదు, యుద్ధమువలనను కాదు. ఇంటిలోనే యున్నది, ఇయ్యరు. ఇట్టిది ఎన్నడో ఒకసారి జరుగు విషయమైనచో నిబంధనలలోనికి ఎక్కియుండదు.

ఈ యలవాటు ఇటలీలోనే ఆగిపోలేదు. ఆల్ప్సు పర్వతములకు ఉత్తరమున, మోజెల్ నదీతీరమున, వర్తకులు ఇంకను బాహాటముగా తమ పనిని చెక్కించుకొనిరి. 1878లో నోయ్‌మాగెన్ అను ఊర, పాత కోట పునాదులలో రాళ్ళుగా వాడివేసిన సమాధి శకలములు దొరకెను. అందొకటి పీపాలనిండ ద్రాక్షసారాయము మోయు పడవ. తెడ్లవారి నడుమ ఒకడు నవ్వుచున్నాడు. ట్రీర్ నగరమునకు దగ్గఱనున్న ఈగెల్ గ్రామమున సెకుండినీ యను బట్టల వర్తకుల కుటుంబము క్రీ. శ. 250 ప్రాంతమున ఎత్తిన ఎఱ్ఱరాతి స్తంభము 23 మీటర్ల ఎత్తున నేటికిని నిలిచియున్నది. బట్టను పఱచి పరీక్షించుట, మూటలు కట్టుట, పడవను తాళ్ళతో ఒడ్డువెంట లాగుట, వంటయిల్లు, అన్నియు దానిపై నున్నవి. చుట్టుప్రక్కల సమాధులన్నిటిని రాళ్ళకొఱకు పీకివేసినవారు దీని జోలికి రాలేదు. కారణము వింతయైనది. కాన్‌స్టంటైన్ చక్రవర్తి తల్లిదండ్రుల వివాహమునకు స్మారకమని మధ్యయుగపువారు దీనిని పొరబడి కాపాడిరి. బట్టల వర్తకులదని తెలిసియున్నచో ఏ దొడ్డిగోడకో రాళ్ళైయుండును. 1986లో ఇది ప్రపంచ వారసత్వ కట్టడముల జాబితాలో చేరినది, ఈసారి సరియైన పేరుతోనే.

చివరకు ఇటలీకి తిరిగివచ్చి, ఈసెర్నియాలో దొరకి ఇప్పుడు పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలలో నున్న రాతిని చూపి విరమింతుము. దానిని కాలిడియస్ ఎరోటికస్ అనువాడు బ్రదికియుండగనే తనకును, ఫానియా వొలుప్టాస్ అను స్త్రీకిని వేయించినాడు. అతడు పూటకూళ్ళయిల్లు నడిపినవాడని పలువురి తలంపు. రాతిపై ముసుగు అంగీ తొడిగిన బాటసారి యొకడు కంచరగాడిదను పట్టుకొని నిలిచియున్నాడు. ఎదుటివారు వ్రేళ్ళమీద లెక్క కట్టుచున్నారు. పైన వారి సంభాషణ చెక్కియున్నది. లెక్క చూతమని బాటసారి యనును. సారాయమును రొట్టెయు కలిసి ఒక అస్సు, నంజుడుకు రెండు. బాటసారి ఒప్పుకొనును. తరువాతి పద్దు ఎనిమిది అస్సులది. ఇంటిల్లిపాదియు వినుచోట దానిని వివరింపము. దానికిని అతడు ఒప్పుకొనును. కడపట కంచరగాడిదకు గడ్డి రెండు అస్సులనగనే అతనికి ప్రాణము చివుక్కుమన్నది: ఈ గాడిద నా కొంప తీయునయ్యా, అని మొఱపెట్టుకొన్నాడు. మృతుల కొఱకని మొదలైన ఆ శాసనము ఆ మొఱతోనే ముగిసినది.